పీస్ నదీ ప్రాంతంలో పొరుగుతనం, ఒడంబడిక, భూమి: ఉత్తర కెనడా గ్రామీణ జీవితంపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కెనడా అనే పేరు తెలుగు క్రైస్తవ సమాజానికి కొత్తది కాదు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషను పనిని ప్రారంభించిన నాటి నుండి కోస్తా జిల్లాలలోని అనేక బడులు, ఆసుపత్రులు, సంఘాలు ఆ దేశపు పేరుతో ముడిపడి ఉన్నాయి. అయితే అక్కడి నుండి వచ్చినవారిని గూర్చి మనకు తెలిసినంతగా అక్కడి పల్లెలను గూర్చి తెలియదు. అక్కడి రైతు ఏమి పండించాడు, అప్పు ఎవరి దగ్గర తెచ్చుకున్నాడు, ఇంట్లో జబ్బు చేస్తే ఎవరిని పిలిచాడు, అతడు దున్నిన నేల అంతకు ముందు ఎవరిది అనే ప్రశ్నలు మన చరిత్ర రచనలో అరుదుగా కనిపిస్తాయి.

ఈ ప్రశ్నలను పరిశీలించుటకు మేము పీస్ నదీ ప్రాంతాన్ని ఎన్నుకున్నాము. ఇది అల్బెర్టా రాష్ట్రపు వాయవ్య భాగంలోను, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు ఈశాన్య భాగంలోను విస్తరించి ఉన్న గ్రామీణ ప్రాంతం. తెలుగు దేశానికి వచ్చిన మిషనరీలు ఈ ప్రాంతంవారని మా ఉద్దేశం కాదు. వారిలో ఎక్కువమంది దేశపు తూర్పు భాగం నుండి వచ్చినవారే. మేము దీనిని తీసుకొనుటకు కారణం వేరు. బొచ్చు తోళ్ళ వ్యాపారం, వ్యవసాయం, రైలు, రహదారి, ఆనకట్ట, సహజ వాయువు – ఇవన్నీ ఇక్కడ ఒకదాని తరువాత ఒకటిగా సుమారు 230 సంవత్సరాలలో వచ్చాయి. ఒక గ్రామీణ సమాజం ఎలా ఏర్పడిందో, ఎవరిని కలుపుకొన్నదో, ఎవరిని వెలుపల ఉంచిందో మొదటి నుండి చివరి వరకు చూడగల అవకాశం ఇక్కడ ఉంది.

మా వాదనను ముందుగానే చెప్పుట మంచిది. ఈ ప్రాంతపు వలస రైతులు పొరుగు సహాయం వలననే నిలబడ్డారు. అది నిజమైన సహాయం, గౌరవించదగినది. కాని ఆ పొరుగుతనానికి ఒక సరిహద్దు ఉండేది. 1899లో ఒడంబడిక చేసుకొని ఆ నేలలోనికి దారి ఇచ్చిన ఆదివాసులు చాలా కాలం ఆ సరిహద్దుకు వెలుపలనే మిగిలిపోయారు. ఈ రెండు విషయాలను విడివిడిగా వ్రాసినంత కాలం ఆ ప్రాంతపు చరిత్ర సగం చరిత్రగానే ఉంటుంది.

1. నది, తోళ్ళు, అప్పు ఖాతా

పీస్ నది పొడవు సుమారు 1,900 కిలోమీటర్లు. రాకీ పర్వతాల పడమటి వైపున పుట్టి, ఆ పర్వతాలను చీల్చుకొని తూర్పునకు ప్రవహిస్తుంది. క్రీ జాతివారును, ఫ్రెంచి, ఇంగ్లీషు వ్యాపారులు 'బీవర్' అని పిలిచిన డానే-జా జాతివారును 18వ శతాబ్దంలో ఈ నది ఒడ్డున సమాధానపడ్డారనీ, అందుచేతనే దీనికి 'సమాధానపు నది' అనే పేరు వచ్చిందనీ చెబుతారు. పేరులోనే ఒక ఒప్పందపు జ్ఞాపకం ఉన్నదని గమనించాలి.

నార్త్ వెస్ట్ కంపెనీకి చెందిన అలెగ్జాండర్ మెకంజీ 1792-93 శీతాకాలాన్ని ఈ నది ఒడ్డున గడిపి, 1793 జూలైలో పసిఫిక్ తీరాన్ని చేరాడు. ఆ తరువాత నది వెంబడి వ్యాపార కోటలు వెలిశాయి. 1805లో డన్‌వేగన్ కోట ఏర్పడింది. 1821లో నార్త్ వెస్ట్ కంపెనీ హడ్సన్స్ బే కంపెనీలో కలిసిపోయిన తరువాత దాదాపు అరవై ఏళ్ళపాటు ఇక్కడ కొనేది, అమ్మేది ప్రధానంగా ఒక్క కంపెనీయే.

ఆ వ్యాపారం అప్పు మీద నడిచేది. శరదృతువులో వేటగాడు కోటకు వచ్చి మందుగుండు, ఉచ్చులు, దుప్పట్లు, టీ, పొగాకు అరువు తీసుకొనేవాడు. శీతాకాలమంతా అడవిలో గడిపి వసంతంలో తోళ్ళు తెచ్చి బాకీ తీర్చేవాడు. లెక్క డబ్బులో కాదు, శుద్ధి చేసిన ఒక బీవర్ తోలు విలువను కొలతగా పెట్టుకొని వ్రాసేవారు. ధర నిర్ణయించేది కంపెనీయే. అయినా ఈ సంబంధాన్ని కేవలం దోపిడీ అని వ్రాసి వదిలివేయుట సరికాదు. వేటగాడు లేకుండా కోట బ్రతకలేదు. కోటలోని వారికి మాంసం తెచ్చి పెట్టినది అతడే. ఐరోపా వ్యాపారులకు, ఆదివాసి స్త్రీలకు జరిగిన వివాహాల నుండి మెటీ కుటుంబాలు ఏర్పడ్డాయి. పడవ నడపడం, దారి చూపడం, భాష తర్జుమా చేయడం వారి చేతుల మీదుగా సాగింది. అసమానతతో కూడినదే అయినా, ఒకరి అవసరం మరొకరికి ఉన్నదని ఇరుపక్షాలకూ తెలిసిన సంబంధం అది. తరువాత వచ్చిన కాలంలో ఈ పరస్పర అవసరమే పోయింది.

2. 1899 నాటి ఒడంబడిక

1870లో హడ్సన్స్ బే కంపెనీ ఏలుబడిలోని భూములు, వాయవ్య ప్రాంతాలు కెనడా ప్రభుత్వం వశమయ్యాయి. దక్షిణాదిన వెంటనే ఒడంబడికలు జరిగాయి గాని, వ్యవసాయానికి పనికిరాదనుకున్న ఈ ఉత్తరాది ప్రాంతాన్ని ప్రభుత్వం మూడు దశాబ్దాలు పట్టించుకోలేదు. ఆకలి సంవత్సరాలలో సహాయం అడిగినప్పుడు, ఒడంబడిక లేదు గనుక బాధ్యత లేదనే సమాధానమే వచ్చేది.

పరిస్థితిని మార్చినది బంగారం. 1897-98లో క్లోండైక్ బంగారు గనులకు పోయేవారు ఎడ్మంటన్ నుండి ఈ దారిన వచ్చారు. ఆదివాసుల గుఱ్ఱాలను పట్టుకుపోయారు, ఉచ్చులను పాడు చేశారు. 1898లో ఫోర్ట్ సెయింట్ జాన్ వద్ద సుమారు 500 మంది ఆదివాసులు గుమిగూడి, ఒడంబడిక జరిగే వరకు పోలీసులనుగాని గనులకు పోయేవారినిగాని ముందుకు పోనియ్యమని అడ్డు నిలిచారు. ఒడంబడికను కోరినది ప్రభుత్వం మాత్రమే కాదనీ, తమ జీవనాన్ని కాపాడుకొనుటకు ఆదివాసులు కూడ కోరారనీ ఈ సంఘటన తెలుపుతుంది.

1899 జూన్ 21న లెస్సర్ స్లేవ్ సరస్సు వద్ద ఎనిమిదవ ఒడంబడికపై సంతకాలు జరిగాయి. దాని పరిధి సుమారు 8,40,000 చదరపు కిలోమీటర్లు. ప్రభుత్వం తరఫున డేవిడ్ లెయిర్డ్ నాయకత్వంలో కమిషనర్లు వచ్చారు. ఆదివాసుల పక్షాన కీనూషాయో, అతని సోదరుడు మూస్టూస్ మాటలాడారు. ఒబ్లేట్ సభకు చెందిన ఫాదర్ ఆల్బెర్ట్ లకోంబ్ కమిషనర్ల వెంట వచ్చాడు; ఆదివాసులకు ఆయనపై ఉన్న నమ్మకం ఒప్పందం కుదురుటకు తోడ్పడింది. ఫోర్ట్ సెయింట్ జాన్ వద్ద ఉన్న డానే-జా ప్రజలు 1900లో ఈ ఒడంబడికలో చేరారు.

కాగితంపై షరతులు స్పష్టంగానే ఉన్నాయి. మనిషికి సంవత్సరానికి 5 డాలర్లు, అయిదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు చొప్పున రిజర్వు భూమి, బడి, కొన్ని పనిముట్లు. వేట, చేపల వేట హక్కు ఉంటుంది. అయితే ప్రభుత్వం నివాసానికో, గనులకో, కలపకో తీసుకున్న భూములకు ఆ హక్కు వర్తించదు. ఆదివాసులు అన్నిటికంటె గట్టిగా అడిగినది వేట విషయమే. ఒడంబడిక చేసుకోకపోతే ఎంత స్వేచ్ఛగా వేటాడుకొనేవారో, చేసుకున్న తరువాత కూడ అంతే స్వేచ్ఛగా వేటాడుకోవచ్చునని తాము మాట ఇచ్చినట్లు కమిషనర్లు తమ నివేదికలోనే వ్రాశారు. కాగితంలోని మినహాయింపు ఒకవైపు, నోటితో ఇచ్చిన మాట మరొకవైపు – ఈ రెంటి మధ్యనున్న దూరమే తరువాతి 120 సంవత్సరాల వివాదానికి మూలం.

మెటీ కుటుంబాలకు 240 ఎకరాలు లేక 240 డాలర్ల విలువగల పత్రాలు ఇచ్చారు. వాటిలో అధిక భాగం కొద్ది కాలంలోనే, అసలు విలువకంటె చాలా తక్కువకు, వెంట వచ్చిన వ్యాపారుల చేతుల్లో పడ్డాయి.

3. దూరం, రైలు, గోధుమ

ఈ ప్రాంతం 55వ అక్షాంశానికి ఉత్తరాన ఉంది. మంచు పడని రోజులు ఏడాదికి నూరు రోజులకు అటు ఇటుగా ఉంటాయి. అయితే జూన్‌లో పగలు 17 గంటలకు మించి ఉంటుంది; ఆ వెలుతురులో పైరు త్వరగా ఎదుగుతుంది. ఆంగ్లికన్ మిషనరీ జె. గాఫ్ బ్రిక్ నది ఒడ్డున పండించిన గోధుమ 1893 చికాగో ప్రదర్శనలో బహుమతి పొందినదనే మాట ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. పాత రకాలకంటె ముందుగా పండే మార్క్విస్ గోధుమ రావడంతో మంచుకు చిక్కకుండా పంట తీసే అవకాశం పెరిగింది.

కెనడా భూచట్టం (1872) ప్రకారం 10 డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలు తీసుకోవచ్చును. మూడేళ్ళు అక్కడ నివసించి, ఇల్లు కట్టి, కొంత నేల సాగులోనికి తెస్తే పట్టా వస్తుంది. దీనిని హోమ్‌స్టెడ్ అనేవారు. అయితే ఇండియన్ చట్టం కింద నమోదైన ఆదివాసికి పశ్చిమ ప్రాంతాలలో ఈ హోమ్‌స్టెడ్ తీసుకొనే హక్కు లేదు. ఐరోపా నుండి నిన్న వచ్చినవానికి ఉన్న హక్కు, ఆ నేలమీద పుట్టినవానికి లేదు. ఆ తరువాతి కాలంలో ఎవరు రైతు అయ్యారో, ఎవరు కాలేదో అర్థం చేసుకొనుటకు ఈ ఒక్క విషయం చాలా ముఖ్యం.

1911లో గ్రాండ్ ప్రెయిరీలో భూముల కార్యాలయం తెరిచారు. రైలు ఇంకా రాలేదు. ఎడ్సన్ అనే రైలు స్టేషను నుండి అడవి గుండా సుమారు 400 కిలోమీటర్ల దారిన ఎడ్లబండ్ల మీద, స్లెడ్జిల మీద జనం వచ్చారు. వేసవిలో ఆ దారి బురద. అందుచేత నేల గడ్డకట్టే శీతాకాలంలోనే ఎక్కువమంది ప్రయాణం చేసేవారు. 1916లో ఎడ్మంటన్ నుండి రైలు మార్గం గ్రాండ్ ప్రెయిరీకి, పీస్ రివర్ పట్టణానికి చేరింది. రైలు వచ్చిన చోట ఎలివేటర్ అనే ఎత్తయిన ధాన్యపు గిడ్డంగి, దుకాణం, బ్యాంకు, చర్చి వెలిశాయి. రైలు రాని చోట ఉన్న ఊరు, ఇండ్లతో సహా, పట్టాల దగ్గరకు తరలిపోయిన సందర్భాలు కూడ ఉన్నాయి.

1926లో వెంబ్లీ దగ్గర రైతు హెర్మన్ ట్రెల్ చికాగో అంతర్జాతీయ ప్రదర్శనలో గోధుమలకు, ఓట్లకు ప్రపంచ బహుమతి గెలుచుకున్నాడు. ఆ వార్త ఇంకా వేలమందిని ఈ ప్రాంతానికి రప్పించింది. కాని బహుమతి గోధుమకైనా బండి కిరాయి తప్పదు. ధాన్యం ముందు ఎడ్మంటన్ చేరి, అక్కడి నుండి రేవుకు పోవాలి. పర్వతాల గుండా సూటిగా పసిఫిక్ తీరానికి రైలు వేయాలని ఈ రైతులు దశాబ్దాలపాటు అడిగారు. ప్రభుత్వాలు మాట ఇచ్చాయి, సర్వేలు చేయించాయి, రైలు వేయలేదు. చివరకు 1936 నుండి 1939 వరకు స్వచ్ఛంద సేవకులు చందాలు పోగుచేసుకొని, గొడ్డళ్ళు, పారలు పట్టుకొని మాంక్‌మన్ కనుమ గుండా తామే రోడ్డు వేయుటకు పూనుకున్నారు. యుద్ధం రావడంతో ఆ పని ఆగిపోయింది. పసిఫిక్ వైపు నుండి రైలు 1958లో గాని డాసన్ క్రీక్‌కు రాలేదు.

4. పొరుగు సహాయం

ఇటువంటి దూరంలో, ఇటువంటి చలిలో ఒంటరి రైతు బ్రతకడం అసాధ్యం. మన పల్లెల్లో 'బదులు పని' అనే మాట ఉంది. ఈ రోజు నీ పొలంలో మేము, రేపు మా పొలంలో నీవు. పీస్ ప్రాంతపు రైతులు అదే పద్ధతిని తమ జీవితానికి ఆధారం చేసుకున్నారు. దుంగలతో ఇల్లు కట్టడం, కొట్టాలు లేపడం, కట్టెలు కోయడం అందరూ కూడి చేసేవారు. నూర్పిడి యంత్రం ఒకరికి ఉంటే, అది పొలం తరువాత పొలం తిరిగేది. దాని వెంట మగవారు తిరిగేవారు, ఏ ఇంటికి యంత్రం వస్తే ఆ ఇంటి స్త్రీలు, పొరుగు స్త్రీలు కలిసి అందరికీ వండేవారు.

ఒకే గది ఉన్న బడి ఆ సమాజానికి నడిబొడ్డు. వారంలో అయిదు రోజులు పాఠాలు, శనివారం నృత్యం లేక రైతు సభ, ఆదివారం ఆరాధన అక్కడే. జనం పలుచగా ఉన్న చోట మూడు నాలుగు సంఘశాఖలకు వేరువేరు పాస్టర్లను పోషించడం సాధ్యం కాదు. అందుచేత పశ్చిమ కెనడా పల్లెల్లో మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు ముందుగానే కలిసి ఆరాధించ సాగారు. 1925లో కెనడా ఐక్య సంఘం ఏర్పడుటకు దైవశాస్త్ర చర్చలతో పాటు ఈ పల్లెల అవసరం కూడ ఒక కారణం. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘ చరిత్రను చదివే మన విద్యార్థులకు ఈ విషయం పనికివస్తుంది. సంఘ ఐక్యతను దారిద్ర్యం, దూరం కూడ బోధిస్తాయి.

వైద్యం విషయంలో 1929లో ఇంగ్లండు నుండి వచ్చిన డాక్టర్ మేరీ పెర్సీ జాక్సన్ పేరు చెప్పవలసి ఉంది. ఆమె బ్యాటిల్ రివర్ ప్రాంతంలో గుఱ్ఱం మీద తిరుగుతూ కాన్పులు చేసింది, పళ్ళు పీకింది, క్షయ రోగులను చూసింది. వివాహం తరువాత కెగ్ రివర్‌లో స్థిరపడి మెటీ, ఆదివాసి కుటుంబాలకు దశాబ్దాలపాటు వైద్యం చేసింది. అదే 1929లో మోనికా స్టార్స్ అనే ఆంగ్లికన్ సేవకురాలు ఫోర్ట్ సెయింట్ జాన్ చేరి, గుఱ్ఱం మీద పల్లెపల్లెకు తిరిగి ఆదివారపు బడులు నడిపింది. ఆమె దినచర్య పుస్తకాలు ఆనాటి వలస జీవితానికి విలువైన ఆధారం.

1923లో స్థాపించిన అల్బెర్టా గోధుమ సహకార సంఘం రైతులకు ధరలో కొంత రక్షణ ఇచ్చింది. అయితే ఆర్థిక మాంద్యం ఆ రక్షణను కూలదోసింది. 1932 డిసెంబరులో వినిపెగ్ మార్కెట్లో బుషెల్ గోధుమ ధర 40 సెంట్లకు దిగువకు పడిపోయింది. దక్షిణాదిన కరవు వలన నేల వదలినవారు అనేకులు ఈ సమయంలోనే పీస్ ప్రాంతానికి వచ్చారు. 1935లో విలియం ఎబర్‌హార్ట్ అనే రేడియో బోధకుడు, ప్రతి వయోజనునికి నెలకు 25 డాలర్లు ఇస్తామనే సోషల్ క్రెడిట్ సిద్ధాంతంతో అల్బెర్టాలో అధికారానికి వచ్చాడు. ఆ 25 డాలర్లు ఎన్నడూ అందలేదు. రైతులను మాంద్యం నుండి దాటించినవి పొరుగింటి ఆలుగడ్డలు, అడవిలో దొరికిన మూస్ మాంసం, అరువు వ్రాసుకున్న దుకాణదారుడి ఓర్పు.

ఆ మూస్ మాంసం అందరికీ ఆధారమైన అడవి ఆదివాసుల జీవనాధారం కూడ. పొలాలు పెరిగిన కొద్దీ అడవి తరిగింది. డాక్టర్ జాక్సన్ వంటివారు ఆ సరిహద్దును దాటారు గాని, బడి కమిటీలో, సహకార సంఘంలో, ఎన్నికలలో ఆదివాసికి స్థానం లేదు. నమోదైన ఆదివాసులందరికీ కెనడా పార్లమెంటు ఎన్నికలలో షరతులు లేని ఓటు 1960లో గాని రాలేదు. వలస రైతు పిల్లలు ఇంటి దగ్గరి బడికి నడిచి పోగా, ఆదివాసి పిల్లలు అనేకులు సంఘాలు నడిపిన వసతి బడులకు తల్లిదండ్రులకు దూరంగా పంపబడ్డారు. ఆ బడులలో జరిగిన హానికి 2008లో కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. సత్యము, సమాధానముల కమిషన్ 2015లో తన నివేదికను ముగించింది. ఇందులో సంఘాల పాత్రను తప్పించి వ్రాయడం సంఘ చరిత్రకారులకు తగదు.

5. మంట్నీ భూమి: ఒక ఉదాహరణ

సాధారణంగా చెప్పిన దానిని ఒక్క ఉదాహరణలో చూద్దాం. ఫోర్ట్ సెయింట్ జాన్ దగ్గర మంట్నీ అనే చోట డానే-జా ప్రజలకు సుమారు 18,000 ఎకరాల రిజర్వు ఉండేది. వారి భాషలో దాని పేరుకు 'సంతోషం నివసించే చోటు' అని అర్థం. శీతాకాలంలో ఉచ్చుల వేటకు ఉత్తరానికి పోయి, వేసవిలో కుటుంబాలన్నీ అక్కడ కూడేవి. పాటలు, డప్పు, పెద్దల కలల బోధ అక్కడే సాగేవి. అది మంచి నల్ల నేల. దున్నని నేల గనుక అది వాడుకలో లేని నేల అని వలస రైతులకు తోచింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేసరికి తిరిగి వచ్చే సైనికులకు భూమి కావలసి వచ్చింది. 1945లో డానే-జా ప్రజలు ఆ రిజర్వును ప్రభుత్వానికి అప్పగించారు. 1948లో ఇండియన్ వ్యవహారాల శాఖ దానిని సైనికుల భూముల శాఖకు 70,000 డాలర్లకు అమ్మింది. అనగా ప్రభుత్వంలోని ఒక శాఖ మరొక శాఖకు అమ్మింది. డానే-జా ప్రజలకు వేట ప్రాంతాల దగ్గర విస్తీర్ణంలో చాలా చిన్నవైన రిజర్వులు వచ్చాయి. భూమితో పాటు భూగర్భ ఖనిజాల హక్కు కూడ, ఎవరూ పట్టించుకోకుండా, చేయి దాటిపోయింది. 1976లో ఆ భూమి కింద చమురు, సహజ వాయువు బయటపడ్డాయి. ఆదాయం సైనిక కుటుంబాలకు పోయింది.

ఇక్కడ ఒక విషయం జ్ఞాపకం ఉంచుకోవాలి. 1927 నుండి 1951 వరకు, ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి దావాల కోసం ఆదివాసుల వద్ద డబ్బు పోగుచేయడం చట్టరీత్యా నేరం. కాబట్టి 1945లో ఆ ప్రజలు తమంతట తాము న్యాయవాదిని పెట్టుకొని నిలబడే దారి లేదు.

దావా చాలా కాలం నడిచింది. 1995లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1945 నాటి అప్పగింత చెల్లుతుందని చెబుతూనే, ఖనిజ హక్కులను పోనివ్వడం, పొరపాటు తెలిసిన తరువాత కూడ సరిదిద్దకపోవడం ధర్మకర్తగా ప్రభుత్వం చేసిన విధి ఉల్లంఘన అని నిర్ణయించింది. 1998లో 147 మిలియన్ డాలర్లకు పరిష్కారం కుదిరింది. ఆ భూమిని పొందిన సైనికులు దొంగలు కారు. యుద్ధం చేసి వచ్చి, కష్టపడి దున్నుకున్నవారు. వారిలో ఎవరికీ చెడు ఉద్దేశం లేకపోయినా అన్యాయం జరగగలదని ఈ ఉదాహరణ చూపుతుంది. పొరుగుతనానికి ఒక సరిహద్దు ఉన్నప్పుడు, దాని లోపలివారి మంచితనం వెలుపలివారికి రక్షణ కాదు.

6. రహదారి, ఆనకట్ట, వాయువు

1942లో అమెరికా సైన్యం డాసన్ క్రీక్ నుండి అలాస్కా వరకు రహదారిని మార్చి నుండి నవంబరు లోపల వేసింది. రైతులు ముప్పై ఏళ్ళు అడిగినా రాని రోడ్డు, యుద్ధం అడిగితే ఎనిమిది నెలలలో వచ్చింది. 1957లో ఈ ప్రాంతం నుండి వాంకూవర్ వైపు సహజ వాయువు గొట్టం పని ప్రారంభించింది. 1968లో నది మీద డబ్ల్యు.ఎ.సి. బెన్నెట్ ఆనకట్ట పూర్తయింది. దాని వెనుక విల్లిస్టన్ జలాశయం నిండుతుండగా సెకానీ జాతివారి ఊళ్ళు, వేట దారులు, సమాధులు మునిగిపోయాయి. దిగువన, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న డెల్టాలో వరద తగ్గి, మస్క్‌రాట్ వేటపై బ్రతికిన ఫోర్ట్ చిపెవయన్ కుటుంబాలు నష్టపోయాయి. విద్యుత్తు దక్షిణాది నగరాలకు పోయింది. అదే నదిపై మూడవదైన సైట్ సి ఆనకట్ట జలాశయం 2024లో నిండింది. ఈసారి మునిగిన వాటిలో వలస రైతు కుటుంబాల పొలాలు కూడ ఉన్నాయి. సరిహద్దు లోపలివారమని తలచినవారు కూడ వెలుపలివారు కాగలరని ఇది గుర్తుచేస్తుంది. కొందరు రైతులు, ఆదివాసి నాయకులు కలిసి ఆ ఆనకట్టను ఎదిరించడం ఈ చరిత్రలో గమనించదగిన మార్పు.

పీస్ ప్రాంతపు నేల కింద ఉన్న వాయువు పొరకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'మంట్నీ'. కెనడాలోని పెద్ద వాయు నిక్షేపాలలో ఇది ఒకటి. 2025లో పసిఫిక్ తీరపు కిటిమాట్ రేవు నుండి ఆసియాకు ఎగుమతి ప్రారంభమైన ద్రవ వాయువుకు ఈ ప్రాంతమే ఆధారం. వేల బావులు, రోడ్లు, గొట్టపు దారులు, కలప కోతలు కలిసి అడవిని ముక్కలు చేశాయి. ఒక్కొక్క అనుమతిని విడిగా చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది. అన్నిటిని కలిపి చూస్తే వేటకు చోటు మిగలలేదు.

ఈ వాదనతోనే బ్లూబెర్రీ రివర్ ఆదివాసులు కోర్టుకు వెళ్ళారు. 2021 జూన్‌లో బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు, ఇన్ని అనుమతుల మొత్తం భారం చేత రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ ఒడంబడికను ఉల్లంఘించినదని తీర్పు చెప్పింది. 1899లో నోటితో ఇచ్చిన మాట, 122 సంవత్సరాల తరువాత న్యాయస్థానంలో బరువు గల మాటగా నిలిచింది. ప్రభుత్వం అప్పీలుకు పోలేదు. 2023 జనవరిలో ఇరుపక్షాలూ భూమిని బాగుచేయుటకు, కొత్త తవ్వకాలను పరిమితం చేయుటకు ఒప్పందం చేసుకున్నాయి. 1899లో కమిషనర్ల దృష్టికి రాక ఒడంబడికలో చేరని లూబికాన్ ప్రజలకు 2018లో 246 చదరపు కిలోమీటర్ల భూమితో పరిష్కారం లభించింది.

ముగింపు

పైన పరిశీలించిన విషయాల నుండి మేము మూడు మాటలు చెప్పదలచాము.

మొదటిది, ఈ ప్రాంతపు ఆర్థిక జీవితం మొదటి నుండి చివరి వరకు దూరపు బజారుపై ఆధారపడింది. బీవర్ తోలు, గోధుమ, విద్యుత్తు, వాయువు – సరుకు మారింది గాని, ధర నిర్ణయించే చోటు ఎప్పుడూ వేరొకటే. ఆ అనిశ్చయతను తట్టుకొనుటకు జనం ఏర్పరచుకున్నదే పొరుగు సహాయం. దానిని కేవలం మంచి మనసు అని వర్ణించక, ఆర్థిక అవసరం నుండి పుట్టిన వ్యవస్థగా చూడాలి.

రెండవది, ఒడంబడిక అనేది సంతకంతో ముగిసే పని కాదు. ప్రభుత్వం దానిని భూమి కొనుగోలు పత్రంగా చదివింది. ఆదివాసులు దానిని కలిసి జీవించుటకు ఇచ్చిపుచ్చుకున్న మాటగా జ్ఞాపకం ఉంచుకున్నారు. వ్రాతపూర్వక ఆధారం ఒక పక్షాన, మౌఖిక జ్ఞాపకం మరొక పక్షాన ఉన్నప్పుడు చరిత్రకారుడు రెండింటినీ వినవలసి ఉంది. కమిషనర్ల నివేదికలో ఆ నోటిమాట వ్రాతలో మిగిలి ఉండకపోతే ఆదివాసుల జ్ఞాపకాన్ని నమ్మేవారు ఎందరుండేవారు అనేది ఆలోచించవలసిన ప్రశ్న.

మూడవది, మన స్వంత చరిత్ర రచనకు సంబంధించినది. మన సంఘాల చరిత్రలలో బడి కట్టినవారిని, బావి త్రవ్వినవారిని, కరవులో గంజి పోసినవారిని మనం గౌరవంతో వ్రాసుకుంటాము. అది తగినదే. అయితే ఆ బడి నిలిచిన భూమి ఎవరిది, ఆ సహాయపు వరుసలో చోటు లేనివారెవరు అని అడగడం ఆ గౌరవాన్ని తగ్గించదు. పీస్ నది ఒడ్డున పొరుగువారి కొట్టానికి దుంగలు మోసిన మనుష్యులు నిజంగానే మంచివారు. తమ పొరుగున ఇంకా ఎవరున్నారో అని వారు అడిగి ఉంటే ఆ ప్రాంతపు చరిత్ర మరొక విధంగా ఉండేదని మా అభిప్రాయం.